బిగుతు తగ్గాక ఏం చేద్దాం?

"సార్, ఆ సూది వేయిస్తే మావాడు నడుస్తాడా?"

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు, కాళ్ల బిగుతు తగ్గించే ఇంజెక్షన్ ఉందని ఎవరో చెప్పగానే మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. కానీ దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేసే మనిషి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి. బిగుతు తగ్గించడానికి ఇవాళ మాత్రలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి, ఆపరేషన్లున్నాయి. వీటిలో ఏదీ నడకను తెచ్చి పిల్లాడి కాళ్లకు తొడగదు. ఇంజెక్షన్ పనిచేస్తే కొన్ని నెలలపాటు కాలు మాట వింటుంది. ఆ నెలల్లో పిల్లాడు ఏం సాధన చేశాడు, ఏం అలవాటు చేసుకున్నాడు అన్నదే మందు ప్రభావం పోయాక మిగులుతుంది.

అందుకని ప్రశ్నను కొంచెం మార్చి అడగమంటాను. బిగుతు తగ్గితే ఆ కాళ్లతో వీడు ఏం చెయ్యాలి? జవాబు స్పష్టంగా ఉన్న ఇంటివాళ్లకు ఏ చికిత్స కావాలో, ఎప్పుడు కావాలో, అసలు కావాలో వద్దో తేల్చుకోవడం సగం సులువవుతుంది.

కాలు ఎందుకు బిగుసుకుంటుంది

సెరిబ్రల్ పాల్సీలో చాలా రకాలున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మనం ఎక్కువగా చూసేది రెండు కాళ్లూ బిగుసుకునే రకం. దానికి కారణం మెదడు నిర్మాణంలోనే ఉంది. మెదడు లోపల నీరు నిండిన గదుల్లాంటివి ఉంటాయి. కాళ్లకు ఆజ్ఞలు మోసుకెళ్లే నరాల పోగులు ఆ గదులకు బాగా దగ్గరగా దిగుతాయి. చేతులకు వెళ్లేవి కాస్త ఎడంగా, ముఖానికి వెళ్లేవి ఇంకా ఎడంగా ఉంటాయి. ఏడో నెలలోనే పుట్టేసిన బిడ్డకు ఆ గదుల అంచున రక్తం అందడం అంతంతమాత్రం. దెబ్బ అక్కడే తగులుతుంది. తన చేత్తో తాను అన్నం తింటూ గలగలా కబుర్లు చెప్పే పిల్లకు కాళ్లు మాత్రం కర్రల్లా బిగిసి ఉండటానికి వెనకున్న సంగతి ఇదే.

మెదడు కండరాన్ని కదలమని చెప్పడమే కాదు, వెన్నుపామును అదుపులో కూడా ఉంచుతుంది. ఏ కండరాన్నయినా చటుక్కున సాగదీస్తే వెన్నుపాము వెంటనే దాన్ని ముడుచుకోమంటుంది. అది మనందరిలోనూ ఉన్న స్పందనే. మెదడు నుంచి వచ్చే అదుపు ఆ స్పందనను హద్దులో పెడుతుంది. దెబ్బ తగిలిన పిల్లల్లో ఆ హద్దు పోతుంది. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క సాగుతుంది, సాగగానే బిగుస్తుంది, మడమ లేస్తుంది. ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా ఎదురు తిరగడం ఈ బిగుతుకు అసలు గుర్తు. డాక్టర్లు స్పాస్టిసిటీ అనేది దీన్నే.

మెదడుకు తగిలిన దెబ్బ ఆ తర్వాత పెరగదు. పిల్లాడు పెరుగుతాడు. ఎముక పొడుగు సాగుతుంటే, ఎప్పుడూ బిగిసి ఉన్న కండరం దానితో సమానంగా సాగలేదు. నిరుడు కుట్టించిన లాగు ఈ ఏడు పొట్టయినట్టు, కాలికి కండరం చాలకుండా పోతుంది. మూడేళ్ల వయసులో చేత్తో వంచితే వంగిన మడమ తొమ్మిదేళ్లకు వంగకపోవడానికి కారణం జబ్బు ముదరడం కాదు, ఎదుగుదల.

ఇంకో మాట తల్లిదండ్రులకు మొదట్లో నమ్మశక్యంగా ఉండదు. బిగుసుకున్న కండరం బలమైన కండరం కాదు. ఈ పిల్లల కాళ్లలో బిగుతు, బలహీనత రెండూ కలిసే ఉంటాయి. పైగా ఒక్కో కీలును విడిగా కదిపే అదుపు తక్కువ: మోకాలు చాపమంటే మోకాలు, తుంటి, పాదం మూడూ కలిసి కదులుతాయి. కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది బిగుతు కాబట్టి నెపమంతా దాని మీదికి పోతుంది. మందుతో అది తగ్గాక అడుగున ఉన్న బలహీనత బయటపడుతుంది. "ఇంజెక్షన్ వేయించాక కాళ్లు తేలిపోతున్నాయి సార్, ఇదివరకే నయం" అని కంగారుగా వచ్చే తల్లులు ఎంతోమంది. కొందరు పిల్లలు నిలబడటానికి ఆ బిగుతునే ఊతంగా వాడుకుంటారు. ఊతం తీసేటప్పుడు దాని చోట బలం పెట్టే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

మడమ దగ్గర కాసేపు

మీ పిల్లకు బిగుతు ఎంత, కండరం పొట్టిబడటం ఎంత అన్న తేడా తెలిస్తే చికిత్స గురించిన సగం అయోమయం పోతుంది. ఇది చేత్తో తెలుసుకునే సంగతి. ఫిజియోథెరపిస్టు ఎలా చూస్తారో చెబుతాను.

పిల్ల హాయిగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెడతారు. ఏడుపులో, చలిలో, భయంలో చూసిన చూపు చెల్లదు. మోకాలు వంచి, మడమ అరచేతి గుంటలో ఇమిడేలా పట్టుకుంటారు. అరికాలు ముంజేతికి ఆని ఉంటుంది. పాదాన్ని మెల్లగా, చాలా మెల్లగా ముఖం వైపు వంచుతారు. ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటారు. తర్వాత మోకాలు చాపి అదే పని మళ్లీ. మోకాలు వంచినప్పుడు బాగా వచ్చిన పాదం, చాపగానే రాకపోతే బిగుతు ప్రధానంగా పిక్కలోని పై కండరానిది. అది మోకాలి పైనుంచి మొదలవుతుంది. వంచినా చాపినా రాకపోతే లోపలి కండరం కూడా పట్టేసిందన్నమాట.

ఆ తర్వాత ఒక్కసారి వేగంగా వంచుతారు. మధ్యలో ఒకచోట టక్కున పట్టుకున్నట్టు ఆగుతుంది. వేగంగా వంచితే పట్టేసిన చోటుకూ, మెల్లగా వంచితే చివరికి చేరిన చోటుకూ మధ్య ఎడం ఎక్కువుంటే అక్కడ ఉన్నది ఎక్కువగా స్పాస్టిసిటీ, మందుకు లొంగుతుంది. రెండూ దాదాపు ఒకేచోట ఆగిపోతే కండరమే పొట్టిబడింది. అక్కడ ఇంజెక్షన్‌కు వేలకు వేలు పోసినా పెద్దగా ఒరిగేదుండదు. సిమెంటు కట్లో, ఆపరేషనో ఆలోచించాలి. దీన్ని టార్డ్యూ స్కేలు అంటారు. మెల్లగా వంచి చూడటం మీరూ నేర్చుకోండి. వేగంగా వంచే భాగం మాత్రం ఇంట్లో చెయ్యకండి. ఇంజెక్షన్ రాసిచ్చిన డాక్టరును "ఆ రెండు కొలతలు ఎంతెంత వచ్చాయండీ?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది. ఆ కొలతలు ఫైల్లో రాసి లేకపోతే రాయించుకోండి.

బిగుతు గంటకో రకంగా మారుతుంటే, కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఒళ్లు మెలితిరిగి, నిద్రలో పూర్తిగా వదులైపోతుంటే అది డిస్టోనియా కావచ్చు. పుట్టినప్పుడు కామెర్లు తీవ్రంగా వచ్చిన పిల్లల్లో ఇది తరచు కనబడుతుంది. దానికి వాడే మందులు వేరు, చేయకూడని ఆపరేషన్లూ ఉన్నాయి. ఈ అధ్యాయంలో చెప్పేవన్నీ దానికి వర్తించవు.

ఎంత ఆశించాలి

ఈ ప్రశ్నకు ఇదివరకు ఊహలే జవాబు. 1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం పిల్లల కదలికలను ఐదు స్థాయులుగా విడగొట్టింది. జీఎంఎఫ్‌సీఎస్ అని మీ ఫైలు మీద రాసి ఉండేది అదే. మొదటి స్థాయి పిల్లలు పట్టు లేకుండా నడుస్తారు, మెట్లెక్కుతారు, పరుగెత్తుతారు. వేగంలో, నిలకడలో కొంచెం తేడా ఉంటుంది. రెండో స్థాయివాళ్లు నడుస్తారు కానీ మెట్లకు రెయిలింగు కావాలి, ఎత్తుపల్లాల్లో తడబడతారు. మూడో స్థాయికి చేతిలో వాకరో కర్రలో ఉండాలి. నాలుగో స్థాయిలో వీల్‌చైరే ప్రధానం. ఎవరైనా సాయం పడితే నాలుగడుగులు. ఐదో స్థాయిలో మెడ నిలపడమే కష్టం.

ఇదే బృందం 2002లో ప్రచురించిన ఎదుగుదల రేఖలు ఇంకో విషయం చెప్పాయి. నిలబడటం, నడవడం వంటి పెద్ద కదలికల్లో ఏ పిల్లైనా చేరుకోగలిగినదాంట్లో సుమారు 90 శాతం ఐదేళ్ల వయసుకల్లా చేరుకుంటుంది. తీవ్రత ఎక్కువున్న పిల్లల్లో ఇంకా ముందే. దీని అర్థం ఐదు దాటాక చేసేదేమీ లేదని కాదు. సాధించుకున్నది పోగొట్టుకోకుండా, ఇంకొంచెం తేలిగ్గా, ఇంకొంచెం దూరం నడిచేలా చెయ్యడం తర్వాతి ఏళ్ల పని. కొత్త నడక నేర్చుకునే అదను మాత్రం చిన్నతనంలోనే. "పెద్దయితే అదే సర్దుకుంటుంది, వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అనే ఇంటి పెద్దల ఓదార్పు ప్రేమతో చెప్పేదే కానీ, ఆ ఓదార్పులో రెండేళ్లు గడిచిపోతే ఆ రెండేళ్లు మళ్లీ రావు.

నాలుగో స్థాయి పిల్లను రెండో స్థాయికి తెచ్చే ఇంజెక్షన్ లేదు. ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి. అదే స్థాయిలో ఉంటూ, లేవనెత్తేటప్పుడు అమ్మ నడుము విరగకుండా కాళ్లు ఆనించి సాయపడగలిగితే ఆ ఇంట్లో రోజు మారిపోతుంది. అదీ చికిత్సకు తగిన లక్ష్యమే.

లక్ష్యం ఇంట్లోంచి రావాలి

"నడక మెరుగుపడాలి" అని రాసుకుంటే పని జరగదు. ఏ నడక? ఎక్కడ? వరండా మెట్టు పట్టుకోకుండా దిగడం. బడిలో ప్రార్థన అయ్యేదాకా వరసలో నిలబడటం. మడమ నేలకు ఆనించి వాకర్‌తో మంచం నుంచి బాత్రూం దాకా వెళ్లడం. పీట మీద కూర్చుని అందరితో పాటు పంక్తిలో తినడం. ఇలాంటివి ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి. మాట్లాడగలిగే పిల్లలను తప్పకుండా అడగండి. వాళ్ల జవాబు మన ఊహకు అందదు. నడక తీరు బాగుపడాలని తండ్రి పట్టుబడుతుంటే, ఆటల పీరియడ్‌లో వికెట్‌కీపింగ్ చెయ్యాలనుందని పిల్లాడు చెప్పిన సందర్భం నాకు బాగా గుర్తు. వంగి లేవడం, నిలకడ, అటూ ఇటూ అడుగు వెయ్యడం అన్నీ అందులోనే ఉన్నాయి. వాడికిష్టమైన పనిలో అవన్నీ సాధన చేయించడం మాకూ తేలికైంది.

నేల మీద కూర్చోవడం గురించి ఇక్కడ చెప్పాలి. తొడ వెనక కండరాలు బిగిసిన పిల్లలు కాళ్లు చాపి నేల మీద కూర్చోలేరు; నడుము గూనిగా వెనక్కి పడిపోతుంది. దాంతో మోకాళ్లు లోపలికి, పాదాలు రెండు పక్కలకీ వేసి కూర్చోవడం అలవాటవుతుంది. రోజంతా అలాగే కూర్చోనివ్వకండి. నేల మీదే కూర్చోవాలని పట్టుబట్టనూ వద్దు. పాదాలు రెండూ నేలకు ఆనేంత ఎత్తున్న చిన్న స్టూలు చేయిస్తే చాలు. ఆ స్టూలే రేపు వ్యాయామ పరికరమవుతుంది.

ఇంజెక్షన్, దాని చుట్టూ మూడు నెలలు

బొటులినమ్ టాక్సిన్ నరం కొసకూ కండరానికీ మధ్య జరిగే రసాయన సంభాషణను ఆపుతుంది. నరం నుంచి ఆజ్ఞ అందక కండరం వదులవుతుంది. వేసిన కొద్ది రోజుల నుంచి వారం లోపు పని మొదలవుతుంది, నాలుగు వారాలకు బాగా తెలుస్తుంది, సాధారణంగా మూడు నాలుగు నెలలుంటుంది. తర్వాత నరం కొస కోలుకుంటుంది, బిగుతు తిరిగి వస్తుంది. పిల్లల కాళ్ల బిగుతుకు దీన్ని వాడటం 1990ల తొలినాళ్లలో మొదలైంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వాడకానికి ఒక రకానికి 2016లో, మరో రకానికి 2019లో అనుమతిచ్చింది.

మోతాదు పిల్ల బరువును బట్టి ఉంటుంది. సూది సరైన కండరంలోకే దిగిందని అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ వేస్తే మేలు. మింగడంలో, ఊపిరి తీసుకోవడంలో ముందే ఇబ్బంది ఉన్న పిల్లలకు ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ సంగతి దాచకుండా చెప్పండి. వేసిన తర్వాత అన్నం మింగుడు పడకపోయినా, గొంతు మారినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండు డోసుల మధ్య కనీసం మూడు నెలలు ఎడం ఉండాలి. ఏటా తిథి పెట్టుకున్నట్టు వేయించడం నాకిష్టం లేదు. పదేపదే వేసిన కండరం సన్నబడుతుందన్న ఆందోళన వైద్యుల్లో పెరుగుతోంది. కిందటిసారి ఏం సాధించాం, ఈసారి ఏం కావాలి అన్నవాటికి జవాబు లేకపోతే ఈ ఏడు ఆగడమే మంచిది.

ఇంజెక్షన్ తేదీ కంటే దాని తర్వాతి వారాలు ముఖ్యం. పెళ్లిళ్లకో, పరీక్షలకో, పొలం పనులకో ఊపిరాడని రోజుల్లో వేయించుకుంటే మందు పనిచేసే కాలమంతా పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఫిజియోథెరపిస్టు దొరికే, ఇంట్లో ఒకరు తీరిగ్గా ఉండే మూడు నెలలు చూసుకుని తేదీ తీసుకోండి. ఇంజెక్షన్‌కు ముందే స్ప్లింట్ల కొలతలు ఇవ్వండి. మడమ పూర్తిగా రాని పిల్లలకు ఇంజెక్షన్ తర్వాత వారం, రెండు వారాలకోసారి మారుస్తూ మోకాలి కింద దాకా కట్లు వేస్తారు. ప్రతి కట్టుకూ పాదం కొద్దికొద్దిగా పైకి వస్తుంది. ఇంజెక్షన్ ముందు రోజు మీ ఫోనులో వీడియో తీయండి: ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నిక్కరుతో, చెప్పుల్లేకుండా. నెలకోసారి అదే చోట, అదే దూరం. మన కన్ను మోసపోతుంది, వీడియో మోసపోదు.

స్ప్లింటు, చెప్పులు విడిచే గుమ్మం

పాదం నుంచి పిక్క దాకా వచ్చే ప్లాస్టిక్ స్ప్లింటును ఏఎఫ్ఓ అంటారు. డబ్బు పెట్టి చేయించి, అటక మీద పడి ఉండే వస్తువుల్లో దీనిది పెద్ద స్థానం. కారణాలు చిన్నవే, కానీ ఎవరూ చెప్పరు. మనం ఇంట్లో చెప్పులేసుకోం. షూ లేకుండా ఏఎఫ్ఓతో నున్నటి గచ్చు మీద నిలబడితే పిల్ల జారుతుంది. జారి పడ్డ పిల్ల ఆ స్ప్లింటును ఇక ముట్టనివ్వదు. కాబట్టి ఇంటి కోసం విడిగా ఒక జత షూ కొని, అవి గుమ్మం దాటకుండా చూసుకోండి. మామూలు సైజు కన్నా ఒకటి పెద్దది, నోరు వెడల్పుగా తెరుచుకునేది, వెల్‌క్రో పట్టీలున్నది చూడండి.

తొడిగేటప్పుడు మోకాలు వంచాలి. మోకాలు చాపి తొడిగితే మడమ లోపల కూర్చోదు. మడమ గిన్నెలో దిగిందని చేత్తో తడిమి, మొదట చీలమండ ముందున్న పట్టీ బిగించండి, ఆ తర్వాత పై పట్టీ. లోపల మోకాలి దాకా వచ్చే నూలు మేజోడు, మడత లేకుండా. మొదటిరోజు అరగంట, రోజురోజుకూ పెంచుతూ పోవాలి. విప్పాక చర్మం చూడండి. ఎర్రటి గుర్తు ఇరవై, ముప్పై నిమిషాల్లో పోతే సరే. పోకపోతే తయారుచేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ చోట సరిచేయించండి. పిల్ల ఎదిగేకొద్దీ ఏఎఫ్ఓ మారాలి. వేళ్లు అంచు దాటాయంటే దాని పని అయిపోయినట్టే.

మాత్రలు, పంపు, నరాల ఆపరేషన్

బాక్లోఫెన్, డయాజెపామ్ వంటి మాత్రలు ఒళ్లంతా పనిచేస్తాయి, మగతనూ తెస్తాయి. ఒకటి రెండు కండరాల బిగుతుకు ఇవి అవసరం లేదు. ఒళ్లంతా బిగిసి, రాత్రుళ్లు నిద్రపట్టని పిల్లలకు ఉపయోగం. పడుకునే ముందు తక్కువ మోతాదులో డయాజెపామ్ ఇస్తే బిగుతు తగ్గి ఇంటిల్లిపాదికీ ఊరట కలుగుతోందని వేలూరు సీఎంసీ వైద్యులు 2005లో ప్రచురించారు. ఖరీదైన చికిత్సలు అందని కుటుంబాలకు అది అక్కరకొచ్చే సంగతి. డాక్టరు రాస్తేనే వాడాలి. బాక్లోఫెన్ అయిపోయిందని, ఊరెళ్లామని ఒక్కసారిగా మానెయ్యకండి. జ్వరం, మూర్ఛ, భ్రమలు రావచ్చు. మానాలంటే మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇదే మందును పొట్ట దగ్గర అమర్చిన పంపుతో నేరుగా వెన్ను నీటిలోకి పంపే పద్ధతి ఉంది. తీవ్రమైన బిగుతుకు పనికొస్తుంది, ఖర్చు చాలా ఎక్కువ.

వెన్నుపాములోకి వెళ్లే నరాల్లో బిగుతును రెచ్చగొట్టే పోగులను ఏరి కోసే ఆపరేషన్ మరొకటి. 1980ల్లో కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ దీన్ని మెరుగుపరిచారు. 1987 నుంచి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పిల్లలకు విస్తృతంగా చేస్తున్నారు. నెలలు నిండకుండా పుట్టి, రెండు కాళ్లే బిగిసి, కాళ్లలో తగినంత బలముండి, చెప్పింది చేయగలిగిన, సుమారు నాలుగు నుంచి పదేళ్ల లోపు పిల్లలకు ఇది బిగుతును శాశ్వతంగా తగ్గిస్తుంది. కోసింది మళ్లీ అతకదు కాబట్టి ఎంపికే ప్రాణం. ఆ తర్వాత దాదాపు ఏడాది గట్టి ఫిజియోథెరపీ కుదరని ఇంట్లో ఈ ఆపరేషన్ గురించి ఆలోచించనే వద్దు. మన దేశంలో కొద్ది చోట్లే చేస్తున్నారు.

మడమ నరం కొయ్యమంటే

పిక్క నుంచి మడమకు దిగే స్నాయువును మన ఊళ్లలో మడమ నరం అంటారు. మునివేళ్ల మీద నడిచే పిల్లను చూడగానే "చిన్న ఆపరేషన్, నరం కాస్త కోసి వదులు చేస్తే సరిపోతుంది" అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. దీని దగ్గర నేను గట్టిగా అడ్డం పడతాను.

ఈ ఆపరేషన్‌కు గొప్ప చరిత్రే ఉంది. బిగిసిన కాళ్లకూ కష్టమైన కాన్పుకూ ఉన్న సంబంధాన్ని 1861లో లండన్‌లో వివరంగా చెప్పిన డాక్టర్ విలియం జాన్ లిటిల్ చిన్నప్పుడు పోలియోతో పాదం వంకరపోయిన మనిషి. 1836లో జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి, స్ట్రోమయర్ అనే సర్జన్ చేత మడమ స్నాయువు కోయించుకుని బాగుపడ్డాడు. ఆయనకు అది మేలు చేసింది. రెండు కాళ్లూ బిగిసిన పిల్లల సంగతి వేరు. ఆ పిల్లల్లో తుంటి, మోకాలు, మడమ మూడూ బిగిసే ఉంటాయి. పిక్క ఒక్కదాన్నే వదులు చేస్తే మడమ నేలకు ఆనుతుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కానీ నిలబడినప్పుడు మోకాలు ముందుకు పడిపోకుండా కిందనుంచి పట్టి ఉంచేది ఆ పిక్కే. అది చేవ కోల్పోతే రెండు మూడేళ్లలో పిల్ల తుంటీ మోకాళ్లూ వంచి, కూర్చున్నట్టు నడవడం మొదలుపెడుతుంది. ఒళ్లు బరువెక్కేకొద్దీ ఆ నడక నరకం. మునివేళ్ల నడకను సరిచెయ్యడం కన్నా దాన్ని సరిచెయ్యడం ఎన్నో రెట్లు కష్టం.

ఏడాదికో ఆపరేషన్ చేయించుకుంటూ పిల్లలు ప్రతి పుట్టినరోజూ ఆసుపత్రిలోనే గడపడాన్ని టొరంటో సర్జన్ మెర్సర్ రాంగ్ పుట్టినరోజు సిండ్రోమ్ అన్నారు. ఇప్పటి పద్ధతి వేరు. ఇంజెక్షన్లతో, కట్లతో, స్ప్లింట్లతో ఆరేడేళ్లు దాటేదాకా నెట్టుకొచ్చి, నడక తీరు స్థిరపడ్డాక తుంటి నుంచి పాదం దాకా అవసరమైనవన్నీ ఒకే విడతలో సరిచేస్తారు. వీలైతే ముందుగా నడకను యంత్రాలతో విశ్లేషిస్తారు. మడమ ఒక్కటే కోస్తామన్న చోట సంతకం పెట్టే ముందు పిల్లల ఎముకల సర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. ఒక పక్క చెయ్యీ కాలూ మాత్రమే పడిన పిల్లల విషయంలో మడమ ఒక్కటే సరిచెయ్యడం సబబు కావచ్చు. ఆ తేడా కూడా ఆయనే చెబుతారు.

సాధన అంటే

చాలా ఇళ్లలో వ్యాయామం అంటే అమ్మ పిల్లను పడుకోబెట్టి కాళ్లు లాగడం, పిల్ల ఏడవడం. నూనె పట్టించి మెత్తగా మర్దన చెయ్యండి, పిల్లకు హాయి, తల్లికీ పిల్లకూ చనువు. కానీ చేత్తో కాసేపు లాగి వదిలిన సాగు నిలవదని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. కండరం సాగాలంటే గంటలకొద్దీ సాగి ఉండాలి. అది స్ప్లింటు పని, కట్టు పని, నిలబెట్టే ఫ్రేము పని. బలవంతంగా లాగితే నిలబడని పిల్లల్లో ఎముక విరిగే ప్రమాదమూ ఉంది.

నడక నేర్పేది పిల్ల తనంతట తాను చేసే పని. ఇందాకటి స్టూలు తీయండి. దాని మీద కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనాయో లేదో చూసి, గోడ మీద స్టిక్కరు అంటించడానికి లేచి నిలబడమనండి. కూర్చోవడం మాత్రం మెల్లగా, దబ్బున పడకుండా. మీ చెయ్యి మోకాలి దగ్గర కాపలాకే ఉండాలి, లేపడానికి కాదు. తేలికైపోయాక వీపున బడిసంచి తగిలించి అందులో ఒక్కో పుస్తకం పెంచుతూ పొండి. స్టూలు కాస్త ఎత్తు తగ్గించండి. చివరి రెండు మూడుసార్లు కష్టపడి లేస్తేనే బలం పెరుగుతుంది. బలం కోసం చేసేవి వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో కండరానికి విశ్రాంతి కావాలి. లక్ష్యం మెట్టయితే మెట్టు మీదే సాధన చెయ్యాలి. మంచం పట్టుకుని పక్కకు అడుగులు, మూడు చక్రాల సైకిలు, వీలున్నచోట ట్రెడ్‌మిల్, ఈత అన్నీ మంచివే. బలం పెంచితే బిగుతు పెరుగుతుందన్న పాత భయాన్ని వదిలెయ్యండి, అది నిజం కాదు.

తుంటి ఎక్స్‌రే

దీన్ని ఎవరూ గుర్తు చెయ్యరు కాబట్టి నేను చేస్తున్నాను. ఈ పిల్లల్లో సుమారు ముగ్గురిలో ఒకరికి తుంటి దగ్గర తొడ ఎముక తల గిన్నెలోంచి మెల్లగా పక్కకు జరుగుతుంది. బాగా నడిచే మొదటి స్థాయిలో ఇది దాదాపు ఉండదు, ఐదో స్థాయిలో పదిలో తొమ్మిదిమందికి వస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు, పైకి తెలియదు. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి ప్రతి పిల్లనూ పద్ధతిగా ఎక్స్‌రేలతో గమనిస్తూ, తుంటి పూర్తిగా తప్పిపోవడాన్ని దాదాపు లేకుండా చేయగలిగారు. రెండేళ్ల వయసులో ఒక ఎక్స్‌రే తీయించి, తర్వాత ఎంతకాలానికి కావాలో డాక్టరును అడగండి. ఎముక తలలో 30 శాతం కంటే ఎక్కువ గిన్నె బయట ఉంటే పిల్లల ఎముకల సర్జన్ చూడాలి. డైపరు మార్చేటప్పుడు తొడలు విడిపోవడం కష్టమవుతున్నా, ఒక కాలు పొట్టిగా కనిపిస్తున్నా తదుపరి తేదీ దాకా ఆగొద్దు.

ఎక్కడికి వెళ్లాలి, ఎంతవుతుంది

జిల్లా ఆసుపత్రుల్లో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, వాటిని డీఈఐసీ అంటారు. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజేదో ముందే కనుక్కుని వెళ్లండి. సికింద్రాబాదు బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ గుర్తింపు కార్డు చేయించుకుంటే పింఛను, పరికరాలు, ప్రయాణ రాయితీల దారి తెరుచుకుంటుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏటా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చుకూ కొంత ఉంటుంది. చాలామందికి ఈ పేరే తెలియదు.

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడక వస్తుందని లక్షలు అడిగే చోట్లు పుట్టుకొచ్చాయి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకు స్టెమ్ సెల్స్‌ను అనుమతి పొందిన పరిశోధనలో తప్ప మామూలు చికిత్సగా ఇవ్వకూడదు. పరిశోధనలో పాల్గొనేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే పొలం అమ్మే అవసరం రాదు.

పదేళ్లు దాటాక

ఆడపిల్లలు పది, పదకొండేళ్లకు, మగపిల్లలు ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు ఒక్కసారిగా పొడుగవుతారు. అప్పటిదాకా బాగా నడిచిన పిల్ల ఆ రెండేళ్లలో వెనకబడటం మామూలే. మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు గీత గీయండి. గీతల మధ్య ఎడం పెరిగిందనిపిస్తే తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు చూపించి, స్ప్లింట్ల కొలతలు తీయించండి. ఈ పిల్లలకు నడవడానికి తోటివాళ్ల కంటే చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. కిలోమీటరు దూరంలో ఉన్న హైస్కూలుకు వాకర్‌తో చేరేసరికే అలసిపోయే పిల్లకు మొదటి పీరియడ్ పాఠం ఏం ఎక్కుతుంది? ఇంట్లో, తరగతి గదిలో వాకర్, దారిలో వీల్‌చైర్ అని మీరే ఒక ఏర్పాటు చెయ్యండి. వీల్‌చైర్ ఎక్కితే నడక మర్చిపోతుందని భయపడకండి. తరగతి కింది అంతస్తులోనే పెట్టమని, మధ్యాహ్నం వేళ పది నిమిషాలు నిలబడి చదువుకునే చోటు చూపమని హెడ్మాస్టరుకు డాక్టరు చేత చీటీ రాయించి తీసుకెళ్లండి. ఆ చీటీకి ఒక నకలు తీసి ఫైల్లో పెట్టుకోండి; జూన్‌లో కొత్త టీచరు వచ్చినప్పుడు మళ్లీ కావాల్సి వస్తుంది.